ఇద్దరి కెమెరా

లెన్స్ సగం దాకా బయటికి వచ్చి, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు గరగరమని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. తెర మీద తెల్లటి అక్షరాలు క్షణంపాటు వెలిగి ఆరిపోయాయి. కెమెరాలు బాగుచేసే మనిషి ఇంకోసారి మీట నొక్కి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, లోపల చక్రం పళ్ళు అరిగిపోయాయన్నాడు. పళ్ళు అనగానే ఆమెకు నవ్వొచ్చింది. పొద్దున లేచింది మొదలు ఆమె చేసేది పళ్ళే. కట్టుడు పళ్ళు. మైనంలో వరసగా నిలబెట్టి, ప్లాస్టర్ అచ్చులో బిగించి, అరగదీసి, నునుపు చేసి డాక్టర్లకు పంపే పళ్ళు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు ఆమె చేతి చలవతోనే నములుతున్నారని భర్త వేళాకోళం చేస్తుంటాడు. కానీ ఇవి ఆమె చేయగలిగిన పళ్ళు కావు. ఈ రకం కెమెరాకి విడిభాగాలు రావడం ఎప్పుడో ఆగిపోయిందని అతను చెబుతున్నాడు. తన సొరుగులో ఇలాంటిదే చచ్చిపోయినది ఒకటి ఉందట, దాని లెన్స్ తీసి దీనికి పెట్టి చూడొచ్చట, అయితే ఒకసారి విప్పాక ఇది ఇప్పుడున్నపాటి కూడా ఉండకపోవచ్చట.

"బాగుచేయమంటే చేస్తానమ్మా, హామీ మాత్రం ఇవ్వలేను. కొత్తది కావాలంటే అదిగో, ఆ అద్దాల బీరువాలో ఉన్నాయి. షాపు కట్టేసేలోగా ఏదో ఒకటి చెప్పండి."

ఒక మనిషిని అడగాలి, అందామె. సారుని అడగండి, తొందరేం లేదు, అన్నాడతను. ఆమె దిద్దలేదు. ఇందులో సగమే నాది, మిగతా సగం ఇంకో ఊళ్ళో ఉంది అని చెబితే అతనికి ఏమర్థమవుతుంది? ఏ సగమో చూపించమంటాడు. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని గోడవారగా కూర్చుంది. కెమెరా బల్ల మీద ఉంది, బల్లదీపం కింద, పొట్ట మీద గీతలతో, మూల దగ్గర రంగు లేచిపోయి. ఆ గీతల్లో ఏవి తనవో ఏవి దానివో ఆమెకు తెలుసు. అది అంటే కెమెరా కాదు, ఆ మిగతా సగం స్నేహితురాలు, చిటపట. ఆ మూల దెబ్బ చిటపటది, మెట్ల మీద జారవిడిచింది. పక్కనున్న పొడుగు గీత తనది, తాళంచెవులున్న సంచీలో పడేసింది. భర్త అయితే అడక్కుండానే చెప్పేశాడు పొద్దున. కొత్తది కొనెయ్యి, ఇంకా దాన్నేం పట్టుకుని వేలాడతావు, అసలు ఫోనుండగా కెమెరా ఎందుకోయ్ అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ప్రేమగానే. నిజమే, ఎందుకు? రోజుకి ఒక్కరైనా వచ్చి ఆమెను ఇలాంటి ప్రశ్నే అడుగుతారు. రెండు ముక్కలైన పళ్ళసెట్టు రుమాల్లో కట్టి తెచ్చి, అతికిస్తావా అమ్మాయ్, కొత్తది చేయించుకోమంటావా అంటారు. ఆమె వెలుతురులో పట్టుకుని చూసి, ఇదివరకే అతికినట్టుందండీ, మళ్ళీ అతికితే మళ్ళీ అక్కడే విరుగుతుంది, కొత్తది చేయించుకోండి అని ఏ తడబాటూ లేకుండా చెప్పేస్తుంది. వాళ్ళు ఆ ముక్కల్ని మళ్ళీ రుమాల్లో ఎందుకంత జాగ్రత్తగా కట్టుకుంటారో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు.

దాన్ని చిటపట అని పిలిచింది పళ్ళు చేయడం నేర్పిన మాస్టారు. నూనెలో పడ్డ ఆవగింజల్లా ఆగకుండా మాట్లాడేది. చేతులు పని చేస్తుంటే నోరూ పని చేయాలి మాస్టారూ, లేకపోతే నోటికి అవమానం అనేది. ఈమెనేమో చిటపట మొద్దూ అని పిలిచేది, పది మాటలకి ఒక మాట బదులిస్తుంది కాబట్టి. చదువయ్యాక ఇద్దరూ ఒకే ల్యాబులో చేరారు, మేడమీద ఒకే గది, ఒకే కిటికీ, ఒకే మంచం, ఎండాకాలం నేల మీద ఎవరు పడుకోవాలని తగవు. మొదటి జీతాలు కలిపి ఈ కెమెరా కొన్నారు. ల్యాబు యజమానికి మాత్రం పళ్ళ రంగులు ఫొటో తీయడానికని చెప్పారు, ఆయన వీళ్ళ పనితనానికి మురిసిపోయి తక్కిన వాళ్ళందరికీ చెప్పాడు. ఆ కెమెరాతో వాళ్ళు ఒక్క పన్ను కూడా తీయలేదు. మొట్టమొదటి ఫొటో కొన్నచోటే పడింది, మీట ఎక్కడుందో వెతుకుతుంటే, షాపువాడి పొట్ట, చొక్కా జేబులో పెన్ను, అంతే. దాన్ని తుడవనివ్వలేదు చిటపట. మొదటిదే, పొట్టయినా సరే ఉండనీ అంది. ఆ వారం రోజులూ బస్సులో, మెట్ల మీద, స్నానాల గది బయట క్యూలో, ఎదురొచ్చినవాళ్ళందరినీ తీశారు. రాత్రి తలగడ మీద కెమెరా పెట్టుకుని, చిన్న తెర మీద ఇద్దరి తలలూ ఆనించి చూసుకునేవాళ్ళు. చిటపట జుట్టు చెంపకు గుచ్చుకునేది. ఇప్పటికీ ఎప్పుడైనా కూతురు పక్కన పడుకున్నప్పుడు అలా జుట్టు తగిలితే, ఎక్కడున్నానో ఒక్క క్షణం తెలియదు ఆమెకు.

తర్వాత చిటపటకి పెళ్ళయింది, వేరే ఊరు వెళ్ళింది, అక్కడే ఒక పళ్ళ ఆసుపత్రిలో పని దొరికింది. సామాను పంచుకునే రోజున గిన్నెలూ దుప్పట్లూ తేలిగ్గానే తెగాయి, కెమెరా దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని కాసేపు మర్యాదలు పోయి, చివరికి చిటపటే తేల్చింది. ఆరునెలలు నీ దగ్గర, ఆరునెలలు నా దగ్గర. ఎవరు పంపినా కార్డులో ఫొటోలు అలాగే ఉంచి పంపాలి, అవతలివాళ్ళు చూసి, కంప్యూటర్లో ఎక్కించుకుని, అప్పుడు కార్డు ఖాళీ చేసుకుని తమవి మొదలుపెట్టాలి. ఉత్తరం రాయకూడదు, ఏ ఫొటో ఎందుకు తీశానో చెప్పకూడదు. నీకు అర్థమైతే అయింది, లేకపోతే లేదు. అలా పాత తువ్వాల్లో చుట్టిన కెమెరా బస్సు పార్సిల్లో వస్తూ పోతూ ఉండేది. పార్సిలాఫీసు నుంచి ఇంటిదాకా ఆగలేక దారిలోనే విప్పేది ఆమె. తడి నేల మీద పాదం గుర్తులు. నిద్రపోతున్న ముసలావిడ అరచెయ్యి, బహుశా అత్తగారిది. వంటింటి కిటికీ, అదే కిటికీ మబ్బేసినప్పుడు, అదే కిటికీ ఎవరో విరగ్గొట్టిన అద్దంతో. మొగుడి వీపు, చాలా వీపులు, పేపరు చదివే వీపు, అలిగిన వీపు. అద్దంలో తనే, కెమెరా మొహానికి అడ్డంగా, కింద పళ్ళన్నీ కనిపించే నవ్వు. ఆ నవ్వు చూసి ఆ ఆరునెలలు ఎలా గడిచాయో చెప్పగలిగేది ఆమె. ఫోన్లో ఎంత వాగినా చెప్పనివన్నీ ఆ కార్డులో ఉండేవి. ఆమె కూతురు మొదటిసారి గోడ పట్టుకుని నిలబడిన రోజున కెమెరా అక్కడే ఉంది, చిటపట వంతు. భర్త ఇంకొకటి కొందాం అన్నాడు. వద్దంది. అప్పుడు ఫోన్లో తీసిన ఫొటో ఏదో ఉంది, మసగ్గా. ఆమెకు అది గుర్తులేదు కానీ, ఆ నెలలోనే చిటపట ఇంటి మెట్ల మీద కూర్చున్న గోధుమరంగు కుక్క మాత్రం బాగా గుర్తుంది. తల్లి అయ్యుండి అలా ఎలా గుర్తుండిపోయిందో తనకే సిగ్గేస్తుంది.

షాపులోకి ఒక కుర్రాడు వచ్చాడు, పాస్‌పోర్టు ఫొటో కావాలట. బాగుచేసే మనిషి వాణ్ణి తెల్ల తెర ముందు కూర్చోబెట్టి, నవ్వొద్దు, పళ్ళు కనబడకూడదు, గడ్డం కొంచెం దించు అంటున్నాడు. ఆ కుర్రాడు పెదాలు బిగించాడు. కింది పెదవి ఎడమవైపు కొంచెం లావు. మనుషుల్ని చూస్తే ముందు నోరు చూడటం ఆమెకు అలవాటైపోయింది, కళ్ళు తర్వాత. ఫ్లాష్ వెలిగి ఆరింది. బయట వీధిలో దీపాలు ఇంకా వేయలేదు, ఎదుటి దుకాణం వాడు బొమ్మల్ని లోపలికి మోసుకెళ్తున్నాడు, తలల్లేని బొమ్మలు, ఒక్కోదాన్ని నడుం పట్టుకుని. ఇలాంటిది చూస్తే చిటపట ఊరుకునేదా, పరిగెత్తుకెళ్ళి తీసేది. ఆ పరుగు చూడాలనుంది. కెమెరా బాగుపడాలని కాదు, అది పరిగెత్తుతుంటే వెనక నిలబడి చెప్పులు పట్టుకుని ఉండాలనుంది. ఇంత వయసొచ్చాక ఇదేం కోరిక?

ఆఖరుసారి పార్సిల్ వచ్చినప్పుడు తువ్వాలు కూడా లేదు, అట్టపెట్టె, లోపల కెమెరా. దారిలోనే విప్పింది మామూలుగా. కార్డు ఖాళీ. తప్పు నొక్కానేమోనని మళ్ళీ చూసింది, ఇంటికెళ్ళి కంప్యూటర్లో పెట్టి చూసింది. ఆరునెలల్లో ఒక్కటి కూడా లేదు. వంటింటి కిటికీ కూడా లేదు. విసుగెత్తిందేమో అనుకుంది మొదట. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఈ ఆటేమిటని ఎవరైనా నవ్వారేమో. ఇంటికి ఫోన్ చేస్తే దాని మొగుడు ఎత్తాడు, పనిలో ఉందమ్మా, తనే చేస్తుందిలే అన్నాడు. ఇంకోసారి చేసినా అదే మాట. తనే చేయలేదు. పుట్టినరోజుకి మెసేజ్ పెడితే దండం బొమ్మ వచ్చింది. ఆగకుండా మాట్లాడే మనిషి దండం పెట్టి ఊరుకుంటే దాన్నేమనుకోవాలి? తలుపు మూసిందనే అనుకుంది. తనకీ రోషం ఉంది కదా, మొద్దుకైనా. ఆ కార్డులో తనూ ఏమీ తీయలేదు, కెమెరా తిరిగి పంపలేదు, అదీ అడగలేదు. బీరువాలో చీరల వెనక పడుకుంది కెమెరా. ఏళ్ళు గడిచాయి. మొన్న బీరువా సర్దుతూ, ఏం తోచిందో, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి మీట నొక్కింది, లెన్స్ సగం దాకా వచ్చి గరగరమంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. అన్నాళ్ళూ దాన్ని ముట్టుకోకపోయినా, అది పనిచేస్తూనే ఉందని లోలోపల ఒక నమ్మకం. ఎప్పుడైనా తువ్వాల్లో చుట్టి పంపేయొచ్చని, పంపితే చాలని, ఆ ఆట అక్కడే ఆగి ఎదురుచూస్తోందని.

కుర్రాడు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. బాగుచేసే మనిషి గడియారం వైపు, ఆమె వైపు చూసి, సారు ఎత్తడం లేదా అన్నాడు. ఫోను ఆమె చేతిలోనే ఉంది, ఇందాకటి నుంచి. కెమెరా పాడైంది, ఏం చేయమంటావు అని మెసేజ్ రాసి కొట్టేసింది. నీ సగం గురించి అడగాలి అని రాసి కొట్టేసింది. బాగున్నావా అని రాస్తే మళ్ళీ దండమే వస్తుంది. ఇదివరకు ఇంటి నంబరుకి చేసింది, ఈసారి నేరుగా దానికే నొక్కింది, నొక్కాక చెవి దగ్గర పెట్టుకోవడానికి భయమేసి ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళోంచే వినిపించింది, అవతల మోటారు చప్పుడు, పళ్ళు అరగదీసే మోటారు, ఆ చప్పుడు ఆగడం. గబుక్కున చెవికి ఆనించుకుంది.

ఏంటే, అంది అవతల గొంతు. అదే గొంతు, తడిబట్ట కప్పి మాట్లాడుతున్నట్టు. కెమెరా పాడైందే, అంది ఈమె, పలకరింపు కూడా లేకుండా. షాపులో ఉన్నాను, విప్పాలంటున్నాడు, నిన్ను అడగకుండా ఎలా విప్పిస్తానని.

"కెవెరా ఇంకా ఉందా?"

లైను బాగాలేదనుకుంది. చిటపట ఇంకేదో అంది, అందులోనూ పకారం దగ్గర గాలి పోయింది, బకారం జారింది. నోట్లో పళ్ళు లేనివాళ్ళ మాటలు రోజంతా వింటుంది ఆమె. పళ్ళు పోతే ఏ అక్షరాలు పోతాయో ఆమెకు తెలుసు, అవి ఇవి కావు. పళ్ళున్నాయి దీనికి. పెదాలే, పెదాలు కలవడం లేదు. స్టూలు మీద నుంచి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియదు, షాపు మధ్యలో నిలబడి మెల్లిగా అడిగింది.

"నీ పెదాలు కలవడం లేదు కదే?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. తర్వాత చిటపట చెప్పడం మొదలుపెట్టింది, ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ. ఒకరోజు పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు పక్కనించి కారిపోయాయట. అద్దంలో చూస్తే సగం మొహం వేలాడిపోయి ఉందట, ఒక కన్ను మూతపడదు. నరం వాచింది, నెల తిరిగేసరికి సర్దుకుంటుంది, అందరికీ సర్దుకుంటుందన్నారు డాక్టర్లు. దానికి కొంచెమే సర్దుకుంది, మిగతాది అలాగే ఉండిపోయింది. ఫోన్లో తీస్తే ఎవరైనా చూస్తారని, రోజూ పొద్దున్నే తలుపేసుకుని ఈ కెమెరాతోనే తన మొహం తీసుకునేదట, నిన్నటికీ ఇవాళ్టికీ పెదవి వెంట్రుకవాసైనా లేచిందేమోనని. పక్కపక్కన పెట్టి చూసుకునేది. ఎంతకీ లేవకపోతే ఒకరోజు అన్నీ తుడిచేసింది. అవొక్కటే కాదు, అంతకుముందు తీసినవీ, నవ్వు మొహంతో ఉన్నవీ. మాట్లాడితే అర్థం కాక, పాపం అర్థమైనట్టు తలూపుతారే అందరూ, మా ఆయన కూడా, అంది. ఆ తలూపుడు చూడలేక మాట్లాడటం తగ్గించేసిందట. ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళు దాన్ని మౌనవ్రతం మేడం అంటారట. చెప్పి నవ్వబోయింది. ఆ నవ్వు ఒకవైపు నుంచే వచ్చిందని ఈమెకు వినిపించింది.

"నువ్వు అడక్కూడదని తుడిచేశాను. అడగలేదని ఏడ్చాను."

ఈమె బల్ల మీద కెమెరా వైపు చూసింది. ఆ అద్దపు కన్ను ఎదురుగా చిటపట ఒంటరిగా కూర్చుని రోజూ తన మొహం చూపించుకున్న ఆరునెలలు, తనకి రావలసినవి అవే, ఎవ్వరికీ రాకుండా పోయాయి. బాగు చేయించనా అని అడిగింది చివరికి, అడగడానికే కదా చేసింది. నా సగం నీకే ఇచ్చేశాను, ఏం చేసుకుంటావో నీ ఇష్టం అంది చిటపట. నా మొహం ముందుకి మాత్రం దాన్ని తేకు. ఫోన్ పెట్టేయకు, ఉండు, అంది ఈమె. ఫోను గుండెకి ఆనించుకుని బల్ల దగ్గరికి నడిచింది. బాగు చేయొద్దంది అతనితో. కొత్తదీ వద్దు. అతనికి బోధపడలేదు, మరి ఇంతసేపూ ఎందుకు కూర్చున్నారన్నట్టు చూశాడు. మీ సొరుగులో ఉన్నదానికి దీంట్లోది ఏదైనా పనికొస్తే తీసి వాడుకోండి అందామె. అతను కెమెరాని అటూ ఇటూ తిప్పాడు. రెండూ కలిపితే ఒకటి బతకొచ్చమ్మా అన్నాడు, ఆశ పెడుతున్నట్టు, బతికితే మీకు కబురు చేయనా. వద్దండీ, ఎవరికైనా ఇచ్చేయండి, అంది. అనేశాక చెయ్యి ఒకసారి దాని మీద పడింది, దానంతటదే. మూల దెబ్బ మీద వేలు ఆగింది. తీసేసింది.

అతను షట్టరు సగం దించుతున్నాడు. ఆమె వంగి బయటికొచ్చి పక్కనే మూసిన కొట్టు మెట్టు మీద కూర్చుంది, ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుని, ఉన్నాను చెప్పు అంది. వీధి దీపాలు వెలిగాయి. ఆఫీసులు వదిలిన మనుషులు ముందునుంచి పోతున్నారు, సంచులు, మోకాళ్ళు, ఒకరి గొడుగు. చిటపట చెబుతూనే ఉంది. గాజులా జారే మాటలు, మధ్యలో కొన్ని పూర్తిగా పోతున్నాయి, ముందూ వెనకా చూసి అతుక్కుంటోంది ఈమె. కొన్నిటికి ఊఁ కొట్టింది. ఇంతలో ఏదో ఒక మాట, కాస్త తొందరగా, కాస్త భయంగా అన్నట్టు, వచ్చి వెళ్ళిపోయింది. ఊఁ అనబోయింది. నోటిదాకా వచ్చిన ఆ ఊఁని మింగేసి, ఫోను రెండో చేత్తో కూడా పట్టుకుంది.

"ఆ మాట అర్థం కాలేదే. మళ్ళీ చెప్పు."

ఒక బస్సు వెళ్ళిపోయింది, దాని వెనక దుమ్ము కూడా సర్దుకుంది. తర్వాత, వేలితో పెదవిని ఎత్తి పట్టుకుందేమో, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, తప్పిపోయినదాన్ని వెనక్కి పిలిచి మళ్ళీ నిలబెట్టి, చిటపట చెప్పింది.

"రేపు పొద్దున మొదటి బస్సుకి రమ్మంటున్నానే, మొద్దూ."